పావు చుట్టు

"నా చెయ్యి నాకు చేదా?" అన్నాడు మేనేజరు, చొక్కా చేతిని మోచేయి దాకా మడుచుకుంటూ. "చూడండి. వెనకున్నవాళ్ళు కూడా ముందుకొచ్చి చూడండి."

అట్టపెట్టెల ఫ్యాక్టరీలో పొద్దున ఎనిమిదిన్నర గంట ఇంకా మోగలేదు. ఉన్న ఇరవై మందినీ కోత మిషను చుట్టూ నిలబెట్టాడు. మోటారు తిరుగుతోంది. మిషను నోరు జానెడెత్తున తెరుచుకుని ఉంది. పైన కత్తి, కింద ఇనప బల్ల. నోటికి ఎడమ పక్క చిన్న బల్బు, కుడి పక్క నల్లటి గొట్టం. బల్బు వెలుతురు నోటికి అడ్డంగా వెళ్ళి ఆ గొట్టంలో పడుతుంది. గొట్టం లోపల చొక్కా గుండీ అంత ముక్క ఒకటుంది, దాన్ని ఫ్యాక్టరీలో అందరూ కన్ను అంటారు. కన్ను మీద వెలుతురున్నంతసేపూ పెడలు తొక్కితే కత్తి దిగుతుంది. మధ్యలో చెయ్యి అడ్డమొచ్చి కన్నుకి చీకటయిందా, ఎంత తొక్కినా దిగదు. ఈ ఏర్పాటునే గార్డు అంటారు.

మేనేజరు కుడిచెయ్యి మిషను నోట్లో పెట్టి, బూటుకాలితో పెడలు తొక్కాడు. లోపలెక్కడో టక్కుమంది. కత్తి కదల్లేదు. మళ్ళీ తొక్కాడు. మూడోసారి ఒళ్ళంతా పెడలు మీద వేసినంత పని చేశాడు. కత్తి ఉన్నచోటే ఉండిపోయింది.

"అయిందా? ఇది ఆగుతుంది. ఎప్పుడూ ఆగుతుంది. కాకపోతే కత్తి సగం దిగాక చెయ్యి దూరిస్తే దేవుడొచ్చినా ఆపలేడు. అందరూ కుడిచేత్తో సర్దే చోట ఎడంచెయ్యి వాడటం, పైగా పరధ్యానం. ఆ తప్పుకి మిషనేం చేస్తుంది?"

ఇరవై మంది చూపూ నేల మీదే ఉంది. మిషను ముందు నేలని సోమవారం మధ్యాహ్నమే నాలుగుసార్లు కడిగారు. కడిగిన మేర మిగతా నేలకన్నా తెల్లగా ఉండి, అక్కడ ఏదో జరిగిందని వద్దన్నా చెబుతోంది. ఇవాళ గురువారం. ఎడంచేతక్క రెండు వేళ్ళు పోయి మూడు రోజులయింది.

"సోమవారం నుంచి ఈ మిషను మీద కరెంటు బాబాయి కోడలు కూర్చుంటుంది" అని, మేనేజరు చొక్కా చెయ్యి దించుకుంటూ వెళ్ళిపోయాడు.

అందరి తలలూ జిగురు బల్ల వైపు తిరిగాయి. ఆ అమ్మాయి వేళ్ళ మధ్య ఎండిన జిగురు గోళ్ళతో గిల్లుకుంటూ నిలబడి ఉంది. మిషను పని కావాలని రెండేళ్ళుగా అడుగుతోంది. అడిగింది చేతికొచ్చిన సంతోషం మాత్రం మొహంలో లేదు. మావగారి వంక చూసింది.

మావగారు ఆ పక్క చూడటం లేదు. యాభై ఆరేళ్ళ మనిషి, ఫ్యాక్టరీలో తీగలూ, మోటార్లూ, ఫ్యూజులూ అన్నీ ఆయన చేతి మీదే నడుస్తాయి కాబట్టి చిన్నా పెద్దా అందరికీ కరెంటు బాబాయి. కోత మిషను పక్కన మేకుకి దారంతో వేలాడే ఎర్ర అట్ట పుస్తకం తీసి, అలవాటు ప్రకారం చేతికి బదులు అట్టచుట్ట ఒకటి మిషను నోట్లో పెట్టి పెడలు తొక్కి, టక్కుమన్న చప్పుడు విని, తేదీ వేసి 'గార్డు బాగుంది' అని రాసి సంతకం పెట్టాడు. పై వరసల్లోనూ అదే మాట. పేజీ తిప్పితే వెనక పేజీ నిండా అదే మాట. సోమవారం తేదీకి ఎదురుగా కూడా అదే.

మధ్యాహ్నం మేనేజరు తన గదిలోకి పిలిచి కాగితం ఒకటి ముందుకు తోశాడు.

"సోమవారం ఇన్‌స్పెక్టరు వస్తున్నారు బాబాయ్. ప్రమాదం రోజున గార్డు సరిగ్గా పనిచేసిందని రాయించాను. ఆవిడ ముందు సంతకం పెట్టు, చాలు. నువ్వు రోజూ రాసేదే కదా, కొత్తగా అబద్ధమేముంది?"

కరెంటు బాబాయి కళ్ళజోడు సవరించుకుని చివరిదాకా చదివాడు. ఆఖరి వాక్యం దగ్గర వేలు ఆగింది. కార్మికురాలి నిర్లక్ష్యమే కారణం.

"ఈ ముక్క పడితే ఆ పిల్లని ఇక ఏ ఫ్యాక్టరీలోనూ గుమ్మం తొక్కనివ్వరు సార్."

"తొక్కి ఏం చెయ్యాలి? మిగిలిన మూడు వేళ్ళూ ఎవరికిస్తుంది?"

జోకు వేశాననుకుని మేనేజరే నవ్వాడు. కరెంటు బాబాయికి నవ్వు రాలేదు, అలాగని కోపమూ రాలేదు. మిషను ఆగుతుందని ఆయనకూ తెలుసు. తన చేత్తో చూశాడు.

సాయంత్రం మావాకోడళ్ళిద్దరూ ఎడంచేతక్క ఇంటికి వెళ్ళారు. రెండంతస్తులు ఎక్కాక వసారా చివర ఒక్క గది. ఆవిడ గుమ్మంలో, వెలుతురు పడేచోట పీట వేసుకుని కూర్చుని సూదిలోకి దారం ఎక్కిస్తోంది. కట్టు కట్టిన ఎడంచేతి బొటనవేలికీ, ఉంగరపు వేలికీ మధ్య సూది. అలవాటు లేని కుడిచేతిలో దారం. కొస తడి చేసి గురి చూసి పోనిచ్చేది. దారం సూది పక్కనుంచి పోయేది. మళ్ళీ తడి చేసేది. వాళ్ళొచ్చాక కూడా ఆపలేదు.

"ఇటివ్వక్కా, నేనెక్కిస్తా" అంది కోడలు.

"రోజూ వస్తావా ఎక్కించడానికి?"

లోపల పొయ్యి దగ్గర్నుంచి ఎడంచేతక్క అత్తగారు అందుకుంది. "కూర్చోండి బాబూ. మా కోడలి ఘనకార్యం చూట్టానికొచ్చారా? నాలుగేళ్ళనుంచి అదే మిషను మీద పని. ఆ రోజు కళ్ళెక్కడ పెట్టుకుందో! మేనేజరు గారు కబురు పెట్టారు, తప్పంతా మీ కోడలిదేనని. మా వాడు బయట తలెత్తుకు తిరగలేకపోతున్నాడు."

ఎడంచేతక్క ఆ మాటలు విననట్టే ఉంది. మూడు రోజులుగా వింటున్న మాటలు కాబోలు. దారం మళ్ళీ తప్పింది.

"ఎలా జరిగిందమ్మా?" అన్నాడు కరెంటు బాబాయి.

"తెల్ల అట్ట కోస్తున్నాను బాబాయ్. ఆ నున్నటి రకం. ఇంకాసేపట్లో అన్నం గంట కొడతారనగా, ఒకటి వంకరగా కూర్చుంది. సర్దుదామని చెయ్యి పెట్టాను. కాలు అప్పటికే తొక్కుతోంది. రోజుకి ఎన్నిసార్లు అలా జరగదు? టక్కుమంటుంది, ఆగుతుంది, మళ్ళీ తొక్కుతాం. ఆ రోజు టక్కుమనలేదు. అట్ట జిగేల్మంటోంది, కళ్ళు చికిలించుకుని చూస్తున్నాను, అంతే."

"మిషను ఆగుతుందమ్మా. ఆ రోజు పొద్దున కూడా నేను చూశాను. పుస్తకంలో ఉంది."

ఎడంచేతక్క మొదటిసారి తలెత్తింది. "నువ్వు పొద్దున చూస్తావు బాబాయ్. నేను మధ్యాహ్నం కోస్తాను."

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పి మళ్ళీ సూది మీదకి వంగింది. మెట్లు దిగుతున్నంతసేపూ కరెంటు బాబాయి రెయిలింగు పట్టుకునే దిగాడు.

ఇంటికొచ్చాక కోడలు బియ్యం కడిగి పొయ్యి మీద పడేసి, చేతులు తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చుంది. కొడుకు లారీ మీద దూరం వెళ్ళాడు, నాలుగు రోజులదాకా రాడు. ఇంట్లో ఉన్నది ఈ ఇద్దరే. ఇద్దరికీ పొద్దుపోనప్పుడు ఒకరినొకరు దెప్పుకోవడమే కాలక్షేపం.

"సోమవారం నుంచి అక్కడ కూర్చోవాల్సింది నేను. అసలా కన్ను ఎలా చూస్తుందో చెప్పు మావయ్యా. అర్థమయ్యేలా చెప్పు. నీ కొడుక్కి లెక్కలు చెప్పినట్టు చెప్పకు."

"వాడికి నేను చెప్పబట్టే లారీ అయినా తోలుతున్నాడు" అని గొణుక్కుంటూ ఆయన మంచం కింద డబ్బా లాగాడు. అట్టముక్క మీద అతికించిన చిన్న సర్క్యూట్ తీశాడు. కొత్తగా తెచ్చిన కన్ను మంచిదో కాదో చూసుకోవడానికి తనే చేసుకున్నది. బ్యాటరీ, ఒక కన్ను, పాత రేడియోలోంచి పీకిన వాల్యూమ్ మీట, వేలి గోరంత ఎర్రబల్బు. దీపం దగ్గర పెట్టగానే ఎర్రబల్బు వెలిగింది.

"కరెంటు పోవడానికి ఈ కన్ను ఒక దారి అనుకో. మీద వెలుతురు పడితే దారి వెడల్పవుతుంది, చీకటైతే ఇరుకైపోతుంది. చెయ్యి అడ్డం పెట్టు."

కోడలు అరచెయ్యి అడ్డం పెట్టింది. ఎర్రబల్బు ఆరింది. తీసింది, వెలిగింది.

"మరి ఈ మీటెందుకు?"

"ఇదీ దారే. దీన్ని వెలుతురు మార్చదు, మనం తిప్పి మారుస్తాం. కన్ను లోంచి వచ్చిన కరెంటు కొంత ఇందులోంచి పక్కకి జారిపోతుంది. మిగిలిందే బల్బుని వెలిగించాలి. దీన్ని వెడల్పు చేశామనుకో, ఎక్కువ జారిపోతుంది. అప్పుడు బల్బు వెలగాలంటే కన్ను మీద బోలెడు వెలుతురుండాలి. ఇరుకు చేస్తే జారేది తక్కువ, మసక వెలుతురు చాలు. మిషనులోనూ ఇంతే. అక్కడ ఎర్రబల్బు ఉండాల్సిన చోట కత్తికి తాళం ఉంటుంది. వెలుతురున్నప్పుడు తాళం తెరుచుకుంటుంది, చీకటైతే పడిపోతుంది."

"అయితే ఎంత చీకటిని చీకటనాలో చెప్పేది ఈ మీటన్నమాట."

"నాకన్నా నువ్వే బాగా చెప్పావు."

కోడలు పొంగిపోయి మీట అటూ ఇటూ తిప్పి ఆడుకోసాగింది. ఒక పక్కకి పూర్తిగా తిప్పి కన్ను మీద అరచెయ్యి పెట్టింది. ఎర్రబల్బు వెలుగుతూనే ఉంది. ఇంకో చెయ్యి కూడా పెట్టింది. కొంచెం మసకబారింది కానీ ఆరలేదు.

"కప్పినా చావట్లేదేంటి మావయ్యా ఇది?"

"పక్కలనుంచి కాస్త వెలుతురు దూరుతోంది కదా. మీట అక్కడ పెడితే ఆ కాస్తే చాలు దానికి. అడ్డం ఉన్నా లేనట్టే అనుకుంటుంది."

పొయ్యి మీద అన్నం పొంగుతోంది. కోడలు లేచి వెళ్ళి మూత తీసి వచ్చి చూస్తే ఆయన ఆ ఎర్రబల్బునే చూస్తున్నాడు.

వానలప్పుడు మిషను బల్బు అద్దానికి అట్టపొడి తడిసి ముద్దలా పట్టింది. తుడిచినా మరక పోలేదు. వెలుతురు చాలక మిషను ఎవరి చెయ్యీ లేకుండానే గంటకి పదిసార్లు ఆగేది. కొత్త బల్బు వచ్చేదాకా పని ఆగకూడదన్నారు. ఆయన మిషను పక్కనున్న కరెంటు పెట్టె తాళం తీసి, లోపలున్న మీటని స్క్రూడ్రైవరుతో పావు చుట్టు తిప్పాడు. మసక వెలుతురుకే మిషను బుద్ధిగా నడిచింది. పది రోజులకి కొత్త బల్బు వస్తే బిగించాడు. తిప్పినట్టు గుర్తుంది. వెనక్కి తిప్పినట్టు ఎంత వెతుక్కున్నా గుర్తు రావడం లేదు.

"ఒంట్లో బాలేదా?" అంది కోడలు.

"ఆకలి లేదు" అన్నాడు. ఆకలి లేదని ఆయన అనడం ఆ అమ్మాయి కాపరానికొచ్చాక ఇదే మొదలు.

శుక్రవారం పెట్టె తాళం తీశాడు. మీట చుట్టూ ఆయనే ఎప్పుడో పెట్టుకున్న ఎర్ర రంగు గీత ఉంది. మీట గాడి ఆ గీత మీద లేదు. పావు చుట్టు అవతలుంది.

వెంటనే తిప్పెయ్యబోయి ఆగాడు. ప్రమాదం తర్వాత మిషను మీద ఎవరూ కూర్చోవడం లేదు, సోమవారం దాకా తొందర లేదు. ముందు తెలుసుకోవాలి. అన్నం గంటకి పావుగంట ముందు ఏదో పనున్నట్టు మిషను దగ్గరికి వచ్చాడు. కప్పుకి వానల తర్వాత పాత రేకు తీసి అద్దం లాంటి రేకు వేయించారు, పగలు లైట్లు వెయ్యక్కర్లేకుండా. దాంట్లోంచి ఎండ నిలువుగా కోత బల్ల మీద పడుతోంది. కన్ను ఉన్న గొట్టం బల్లకి పక్కవాటుగా ఉంది కాబట్టి ఎండ నేరుగా అందులోకి పోదు. అట్టచుట్ట నోట్లో పెట్టి పెడలు తొక్కాడు. టక్కుమంది. కత్తి ఆగింది. పదిసార్లు తొక్కాడు. పదిసార్లూ ఆగింది.

హమ్మయ్య అనుకున్నాడు. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు. ఆ పావు చుట్టు వల్ల ఏ పాపమూ జరగలేదనిపించింది.

"కత్తి ఆగింది" అని కోడలికి చెప్పాడు, ఇంటికి వెళ్ళేదారిలో.

"నల్ల బల్ల మీద ఆగింది" అంది కోడలు. "అక్క తెల్ల అట్ట కోస్తున్నానంది కదా. తెల్ల అట్ట పెట్టి చూశావా?"

కరెంటు బాబాయి నడుస్తున్నవాడు రోడ్డు మధ్యలో నిలబడిపోయాడు. వెనకనుంచి స్కూటరువాడు హారను కొట్టి, తిట్టి పోయాడు.

శనివారం పదకొండున్నరకి కోడలు జిగురు బల్ల వదిలి వచ్చింది. ఇద్దరూ కలిసి సోమవారం నుంచి మూలన పడున్న నున్నటి తెల్ల అట్టల దొంతర మోసుకొచ్చి మిషను నోట్లో పేర్చారు. అటువైపు చూసిన వాళ్ళు మిషను సిద్ధం చేస్తున్నారనుకున్నారు. ఎండ మెల్లగా జరిగి తెల్ల అట్టల మీదకొచ్చింది. అట్టలు భగ్గున మెరిశాయి. ఆ మెరుపు పక్కకి కొట్టి, నల్ల గొట్టం లోపలి గోడ మీద తెల్లటి మచ్చలా కనబడింది. కోడలు కళ్ళు చికిలించింది.

"చేతులు వెనక్కి పెట్టుకో" అన్నాడు కరెంటు బాబాయి.

అట్టచుట్ట నోట్లో పెట్టాడు. బల్బు వెలుతురుకి అడ్డంగా ఉందో లేదో వంగి చూశాడు. అడ్డంగానే ఉంది. పెడలు తొక్కాడు.

టక్కుమనలేదు. ధడేల్మంది.

అట్టచుట్ట రెండు ముక్కలై, ఒకటి బల్ల మీద, ఒకటి కోడలి కాళ్ళ దగ్గర పడ్డాయి. కోత నున్నగా ఉంది. ఆ అమ్మాయి వంగి ముక్క తియ్యబోయి, తియ్యకుండానే లేచింది. వెనక్కి పెట్టుకున్న చేతులు ఇంకా వెనకే ఉన్నాయి.

"ఇదా మావయ్యా?" అంది. ఆయన ఆ తెల్ల అట్టల మీద చెయ్యి ఆనించబోయి, ఉలిక్కిపడి తీసేశాడు.

చప్పుడుకి మేనేజరు వచ్చాడు. కింద పడ్డ ముక్క చూశాడు, పైన రేకు చూశాడు, తెరిచున్న పెట్టె చూశాడు. తెలివైనవాడే, ఎవరూ విప్పి చెప్పక్కర్లేకపోయింది.

"గదిలోకి రా బాబాయ్."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. మేనేజరు తలుపు దగ్గరగా వేశాడు.

"రేపు ఆదివారం. రేకుకి నల్ల రంగు వేయిస్తాను. నువ్వు ఇప్పుడే వెళ్ళి ఆ మీట ఉండాల్సిన చోటికి తిప్పెయ్యి. సోమవారం సంతకం పెట్టు. ఇక ఎవరి వేళ్ళూ పోవు. మనకి కావాల్సింది అదే కదా?"

"మరి పోయిన వేళ్ళ సంగతి?"

"అతికిస్తావా?" అన్నాడు మేనేజరు. తర్వాత గొంతు బాగా తగ్గించాడు. "ఆ పెట్టె తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది బాబాయ్?"

కరెంటు బాబాయి జేబు మీదకి చెయ్యి వెళ్ళింది.

"ఒక్క నీ దగ్గరే. మీట దానంతటది తిరగదుగా. నేనడగట్లేదు. అడగనక్కర్లేకుండా చూస్తున్నాను. ఇంట్లో నువ్వూ, నీ కోడలూ ఇద్దరూ ఇక్కడే చేస్తున్నారు. నా నోటితో ఎందుకు చెప్పిస్తావు?"

ఇంత ప్రేమగా బెదిరించిన వాణ్ణి ఆయన అంతకుముందు చూడలేదు. వెళ్ళి మీట తిప్పాడు. తిప్పేముందు మాత్రం చెవి వెనకున్న నీలం పెన్ను తీసి, గాడి ఉన్నచోట సన్నటి గీత గీశాడు. ఎర్ర గీతకీ నీలం గీతకీ మధ్య దూరం వేలి గోరంత కూడా లేదు. ఆ దూరంలో రెండు వేళ్ళు పోయాయి.

సోమవారం పొద్దున కప్పు మీద నల్ల రంగు వాసన కొడుతోంది. మిషను చుట్టూ చీకటిగా ఉండి రెండు లైట్లు వేశారు. ఇన్‌స్పెక్టరు నడివయసు ఆవిడ, చేతిలో ఫైలు, మెడలో కళ్ళజోడు తాడు. ఎర్ర అట్ట పుస్తకం పేజీలు ఓపిగ్గా తిప్పింది. అన్ని పేజీల్లోనూ గార్డు బాగుంది.

"నా చెయ్యి నాకు చేదా మేడమ్?" అంటూ మేనేజరు చొక్కా చెయ్యి మడిచి మిషను నోట్లో పెట్టి తొక్కాడు. టక్కు. టక్కు. టక్కు. ఆవిడ తలూపి ఫైలులో రాసుకుంది. మేనేజరు కాగితమూ పెన్నూ కరెంటు బాబాయి ముందుంచాడు. జిగురు బల్ల దగ్గర పని ఆగిపోయింది. కోడలు మావగారి వీపు వంక చూస్తోంది.

పెన్ను తీసుకున్నాడు. కాగితం మీద ఆనించాడు కూడా. నిర్లక్ష్యం అన్న మాట మీద చూపు పడింది. మాట నిజమే. మనిషే వేరు.

పెన్ను కింద పెట్టాడు.

"ఒక్క నిమిషం మేడమ్. ఆ రోజు ఎలా ఉందో అలా పెట్టి చూపిస్తాను." కోడలి వైపు తిరిగాడు. "తెల్ల అట్టలు తేమ్మా. నా గదిలో పెద్ద లైటుంది, అదీ తే."

"ఏంటి బాబాయ్ ఇది?" అన్నాడు మేనేజరు నవ్వు మొహంతోనే. కరెంటు బాబాయి పెట్టె తాళం తీసి స్క్రూడ్రైవరు పెట్టాడు. మేనేజరు ఇన్‌స్పెక్టరు వైపు తిరిగి గబగబా అన్నాడు. "అదేం కాదు మేడమ్, చిన్న మీట. ఎటు తిప్పినా ఏమీ కాదు. మిషను ఎలా ఉన్నా ఆగుతుంది."

కరెంటు బాబాయి ఎర్ర గీత మీదున్న గాడిని నీలం గీత మీదకి తెచ్చాడు. కోడలు అట్టలు పేర్చి, మొన్నటిదాకా ఎండ వచ్చిన వైపునుంచే పెద్ద లైటు ఎత్తి పట్టుకుంది. తెల్ల అట్టలు భగ్గుమన్నాయి.

"సార్ చెప్పింది మీరూ విన్నారు. ఎలా ఉన్నా ఆగుతుందట" అని పక్కకి జరిగాడు. "సార్, ఇప్పుడు పెట్టండి చెయ్యి."

మేనేజరు చొక్కా చెయ్యి ఇంకా మడిచే ఉంది. ఒక అడుగు ముందుకు వేశాడు. చెయ్యి బల్ల అంచు దాకా వచ్చింది. అంచు మీద వేళ్ళు ఆనాయి. పైన కత్తి, మోటారు తిరుగుతోంది, ఎవరూ తొందరపెట్టలేదు. ఆ చెయ్యి అక్కడ ఎంతసేపుందో ఎవరూ లెక్కపెట్టలేదు గానీ ఇరవై మందీ చూశారు. తర్వాత ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, మడతలు ఒక్కొక్కటీ దించుకుని, మణికట్టు దగ్గర గుండీ పెట్టుకున్నాడు. గుండీ ఒకసారి తప్పింది.

ఇన్‌స్పెక్టరు అట్టచుట్ట అందుకుని తనే మిషను నోట్లో పెట్టి చేతులు దూరంగా తీసుకుంది. కరెంటు బాబాయి తొక్కాడు. ధడేల్మంది. జిగురు బల్ల దగ్గర ఎవరో అమ్మో అన్నారు.

"ఆ మీట ఎవరు తిప్పారు?"

ఆ ప్రశ్న వస్తుందని గురువారం నుంచి ఆయనకి తెలుసు. వచ్చాక అనుకున్నంత కష్టమనిపించలేదు.

"నేనే మేడమ్. వానల్లో తిప్పాను. మళ్ళీ వెనక్కి తిప్పలేదు. ఆ అమ్మాయి తప్పు లేదు. రోజూ పొద్దున్నే, ఎండ రాకముందే చూసి బాగుందని రాశాను."

ఆవిడ రాయమంది. ఎర్ర అట్ట పుస్తకంలో ప్రమాదం జరిగిన తేదీ తీసి, పాత మాట కొట్టెయ్యకుండా దాని పక్కనున్న ఖాళీలో రాశాడు. నాలుగు వరసలయింది. ఇన్నేళ్ళలో ఆ పుస్తకంలో ఆయన రాసిన కొత్త మాటలు అవే. మిషనుకి కాగితం అంటించి సీలు వేశారు. ఆవిడ వెళ్ళాక మేనేజరు మొహం చూడకుండానే చెయ్యి చాపాడు. కరెంటు బాబాయి తాళంచెవుల గుత్తి ఆ చేతిలో పెట్టాడు. రేపు రావద్దని ఆయనా అనలేదు, వస్తానని ఈయనా అనలేదు.

"అక్క దగ్గరికి నేనూ వస్తా" అంది కోడలు గేటు దగ్గర.

"వద్దు. నువ్వెళ్ళి జిగురు చూసుకో. ఒక్కరైనా లోపలుండాలి. ఇది నేను చెప్పుకోవాల్సింది."

రెండంతస్తులు ఎక్కేసరికి ఆయాసం వచ్చింది. ఎడంచేతక్క అదే గుమ్మంలో, అదే పీట మీద కూర్చుని ఉంది. అత్తగారు లోపల కూరగాయలు తరుగుతోంది. గుమ్మం ముందు నిలబడే చెప్పాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. వానలూ, బల్బూ, మీటా, పావు చుట్టూ, పొద్దునా మధ్యాహ్నమూ అన్నీ చెప్పాడు. ఇన్‌స్పెక్టరు రాసుకుందనీ, నిర్లక్ష్యమన్న మాట ఇక నీ పేరు మీద ఉండదనీ చెప్పాడు.

లోపల తరుగుతున్న చప్పుడు ఆగింది. అత్తగారు కత్తిపీట దగ్గర్నుంచి లేచి వచ్చి తన కోడలి వెనక నిలబడింది. కోడలి భుజం మీద చెయ్యి వెయ్యబోయి, తడి చేతిని చీరకి తుడుచుకుంటూ ఉండిపోయింది.

ఎడంచేతక్క చేతిలో సూది పక్కన పెట్టింది.

"గురువారం ఇక్కడే నిలబడి, మిషను ఆగుతుందమ్మా అన్నావు" అంది.

"అన్నాను."

"నేనూ నమ్మాను. నీ మాట విన్నాక, నాదే తప్పేమోనని నేనూ అనుకున్నాను. నాలుగు రోజులు."

క్షమించమని అడుగుదామని మెట్లెక్కుతూ అనుకున్న మాట ఇక్కడికొచ్చాక అడగరానిదిగా కనబడింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి పెట్టుకున్నాడు.

ఆవిడ సూది తీసుకుంది. బొటనవేలికీ ఉంగరపు వేలికీ మధ్య నిలబెట్టింది. కుడిచేత్తో దారం కొస తడి చేసి గురి చూసింది. దారం దగ్గరగా వెళ్ళి ఆగింది.

"వెలుతురుకి అడ్డంగా నిలబడ్డావు బాబాయ్" అంది తలెత్తకుండా. "పక్కకి జరుగు."

కరెంటు బాబాయి పక్కకి జరిగాడు.